బెర్లిన్‌లో ఏకాహం

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలు కాగానే జర్మనీ అంతటా గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. అంటే 2 నుంచి 3 వరకు ఉండే గంట ఆ ఒక్క రాత్రి రెండుసార్లు వస్తుంది. ఆరేళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్న నేను ఇంతకాలం ఆ గంటను అదనపు నిద్ర కిందనే జమ వేసుకున్నాను. 2025లో మాత్రం హాంబర్గ్‌లో చదువుకుంటున్న విజయవాడ కుర్రాడొకడు, నాకు తమ్ముడి లాంటివాడు, పది రోజుల ముందే ఫోన్ చేసి, "అన్నా, శనివారం రాత్రి గవర్నమెంటే మనకి ఒక గంట ఫ్రీగా ఇస్తోంది. దాన్ని కూడా పడుకుని తగలేస్తావా?" అని అడిగాడు. శుక్రవారం సాయంత్రానికి భుజాన సంచితో మా ఇంట్లో దిగాడు.

ఇతడికి హౌస్, టెక్నో అనే, యంత్రాల దరువు మీద నడిచే సంగీతమంటే ప్రాణం. హాస్టల్ గదిలో రికార్డులు తిప్పే రెండు పాత టర్న్‌టేబుళ్లు పెట్టుకుని రాత్రుళ్లు సాధన చేస్తాడు, మెస్ డబ్బు మిగిల్చి గ్రామఫోను రికార్డులు కొంటాడు. నా సంగతి వేరు. అంతకుముందు మూడు నాలుగు సార్లు ఆఫీసు మిత్రుల మొహమాటానికి ఈ సంగీతం వాయించే క్లబ్బులకు వెళ్లాను గానీ, పిండిమర పక్కన నిలబడటానికి టికెట్టు ఎందుకు కొనాలో అర్థం కాక, అర్ధరాత్రి దాటకుండానే ఇంటికి వచ్చేసేవాణ్ణి. పాట మొదలైనట్టూ ఉండదు, అయిపోయినట్టూ ఉండదు. పల్లవి కోసం చెవి రిక్కించి కూర్చునే అలవాటున్న మనిషికి అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈ వారాంతంలో నా అభిప్రాయం మారింది కాబట్టి, ఎక్కడ మారిందో గుర్తున్నంతవరకు రాసిపెట్టుకుంటున్నాను.

శుక్రవారం రాత్రి ట్రెజర్ అనే క్లబ్బుకు వెళ్లాము. జర్మన్‌లో ఆ మాటకు ఇనప్పెట్టె అని, బ్యాంకు ఖజానా గది అని అర్థం. పేరు ఊరికే రాలేదు. బెర్లిన్ గోడ పక్కన, లైప్‌జిగ్ వీధిలో వెర్ట్‌హైమ్ అనే పెద్ద డిపార్టుమెంటు స్టోరు ఉండేది. యూదు కుటుంబానికి చెందిన ఆ స్టోరును నాజీలు లాక్కున్నారు, యుద్ధంలో భవనం దెబ్బతిన్నది, తరువాత పైభాగాన్ని కూల్చేశారు. నేల కింద ఉన్న ఖజానా గది మాత్రం ఎవరికీ పట్టకుండా అట్లాగే ఉండిపోయింది. 1989 నవంబరులో గోడ కూలింది. తూర్పు బెర్లిన్‌లో ఏ భవనం ఎవరిదో, ఎవరికి అద్దె కట్టాలో తేలని రోజులు అవి. దిమిత్రి హేగెమాన్ అనే ఆయన, ఆయన మిత్రులు ఆ నేలమాళిగను కనిపెట్టి 1991లో అక్కడ ఈ క్లబ్బును తెరిచారు. 2005లో ఆ స్థలాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. 2007లో క్యోపెనికర్ వీధిలో మూతపడిన ఒక విద్యుత్ కేంద్రంలో మళ్లీ మొదలుపెట్టారు. మేము వెళ్లినది ఈ రెండవ చోటికి.

లోపలికి వెళ్లాక నేలమాళిగను చేరడానికి పొడవైన సొరంగం లాంటి దారి ఉంటుంది. చీకటి, పొగ, ఎక్కడో దూరాన ఒక్కొక్కసారి మెరిసే దీపం. ఆ దారిలో పది అడుగులు వేశాక శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. నేను ఆగిపోయాను. ఆ తాకిడి నాకు చిన్నప్పటినుంచి తెలుసు.

మాది పాల్వంచ. నాన్న కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో, అందరూ కేటీపీఎస్ అనే చోట, టర్బైన్ విభాగంలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏడో తరగతి సెలవుల్లో ఒకసారి నన్ను టర్బైన్ హాలు చూపించడానికి తీసుకెళ్లాడు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి టర్బైన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది, సెకనుకు సరిగ్గా 50 సార్లు. ఆ హాలులో మాట వినిపించదు, చెప్పుల కింద నేల మాత్రం మాట్లాడుతూ ఉంటుంది. టెక్నోలో ప్రాణంలాంటి కిక్ డ్రమ్, అంటే అడుగున మోగే పెద్ద డ్రమ్ము దెబ్బ కూడా దాదాపు 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూగానే మోగుతుంది. నాన్న హాలులో తెంపు లేని మోతగా ఉన్నది ఇక్కడ దెబ్బ దెబ్బకూ ముక్కలై వస్తోంది, అంతే తేడా. విద్యుత్ కేంద్రం నేలమాళిగలో నిలబడి టర్బైన్ గుర్తుకు తెచ్చుకోవడంలో వింతేమీ లేదు, కానీ అప్పటివరకు ఆ మోత విని నేను మురిసిపోయిన సందర్భం మాత్రం లేదు.

సొరంగం చివర అసలు గది ఉంది. పాత ఖజానా నుంచి తెచ్చిన తుప్పుపట్టిన లాకరు పెట్టెలు గోడ పొడవునా ఉన్నాయి, కొన్నిటి తలుపులు ఊడిపోయాయి. డీజే ఇనుప చువ్వల వెనుక నిలబడి ఉంటాడు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, చెమట ఆవిరి పైకి పోయి చుక్కలై మళ్లీ మీద పడుతుంది. ఎవరూ డీజే వైపు తిరిగి చేతులు ఊపడం లేదు, ఎవరికి వారే కళ్లు మూసుకుని అడుగులు వేస్తున్నారు. మా ఊళ్లో బారాత్ ముందు తీన్మార్ మోగితే జనం ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరినొకరు లాగుతూ ఆడతారు, చూసేవాళ్లు లేకపోతే ఆ ఆటకు సగం కళ పోతుంది. ఇక్కడ చూసేవాళ్లనే మాటే లేదు. పక్కవాడు ఉన్నాడని తెలిసేది అతడి మోచేయి తగిలినప్పుడే.

ఈ సంగీతం బెర్లిన్‌లో పుట్టలేదన్న సంగతి మావాడు ప్రతిసారీ గుర్తుచేస్తాడు. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న డెట్రాయిట్ దాపున, బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్న ముగ్గురు నల్లజాతి యువకులు, హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, 1980లలో దీనికి రూపం ఇచ్చారు. వాళ్లేమో జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం విని ప్రభావితులైనవాళ్లు. క్రాఫ్ట్‌వెర్క్ అంటే జర్మన్‌లో విద్యుత్ కేంద్రమనే అర్థం, నాన్నకు చెబితే సంతోషిస్తాడు. ట్రెజర్ 1991లో మొదలుపెట్టిన రికార్డు సంస్థ తొలి విడుదల కూడా డెట్రాయిట్‌కు చెందిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందానిదే. జర్మనీలో మొదలై డెట్రాయిట్ వెళ్లి, అక్కడ వేరే మనుషుల చేతిలో వేరే వస్తువై, గోడ కూలిన ఏడాదిన్నరకే ఒక పాత ఖజానాలోకి తిరిగి వచ్చిన సరుకు ఇది.

తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో చువ్వల వెనుక మనిషి ఒక రికార్డు పెట్టాడు. అందులో ఒక యంత్రం మూలుగుతూ, సాగుతూ, నీళ్లలో మునిగి తేలుతున్నట్టు ఒకే పదహారు స్వరాలను తిప్పి తిప్పి పలుకుతోంది. మావాడు నా చెవి దగ్గర నోరు పెట్టి "త్రీ నాట్ త్రీ" అని అరిచాడు. రోలాండ్ అనే జపాను కంపెనీ గిటారు వాయించేవాళ్ల సాధన కోసం తయారుచేసిన టీబీ-303 అనే చిన్న పెట్టె అది. అనుకున్న పనికి ఎవరికీ నచ్చక చవకగా సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరింది. షికాగో కుర్రాళ్లు 1987లో దాని మరలు అడ్డదిడ్డంగా తిప్పి ఆసిడ్ హౌస్ అనే కొత్త శాఖనే పుట్టించారు. అయితే మనవాళ్లు తెలుసుకోవలసిన మాట మరొకటి ఉంది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఈ పెట్టెను, దానితోపాటు టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని ముందు పెట్టుకుని, భైరవ్, లలిత్, తోడి, యమన్ వంటి పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. దాన్ని ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు ఇక్కడివాళ్లు ముక్కున వేలేసుకున్నారు, ఎందుకంటే అది వింటే షికాగో ఆసిడ్ హౌస్ లాగే ఉంటుంది, కాకపోతే ఐదేళ్లు ముందు వచ్చింది. షికాగోవాళ్లు దాన్ని విన్నారని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఒకే యంత్రం ఇద్దరి చేతుల్లో ఒకే దారి పట్టింది, అంతే. పది రాగాలు ఆ యంత్రంలో అంత చక్కగా ఇమడటానికి కారణం కూడా ఊహించుకోవచ్చు: కింద షడ్జమం కదలకుండా నిలబడి ఉంటే పైన నెమ్మదిగా స్వరం విప్పుకుంటూ పోవడం మన సంగీతానికి పుట్టుకతో వచ్చిన పద్ధతి.

పొద్దున ఆరింటికి బయటపడి, నది పక్క దారంట ఓబర్‌బౌమ్ వంతెన వరకు నడిచాము. వంతెన మొదట్లో స్ప్రే నది మీదికి అద్దాల గోడలతో ఉండే వాటర్‌గేట్ అనే క్లబ్బు ఉండేది. 2002లో తెరిచారు, 2024 చివరి రాత్రితో మూసేశారు. అద్దెలు పెరిగాయి, ఖర్చులు పెరిగాయి, విమానం టికెట్టు చవక అయినప్పుడు వారాంతానికి వచ్చి వెళ్లే జనం తగ్గారు. ఇట్లా ఒక్కొక్కటి మూతపడటాన్ని ఇక్కడివాళ్లు క్లబ్బుల చావు అని ఒకే మాటలో అంటారు. ఖాళీ భవనాలు దొరికిన రోజుల్లో పుట్టిన సంస్కృతి ఖాళీ భవనమే లేని రోజుల్లో ఎట్లా బతుకుతుందనేది తేలికగా తేలే లెక్క కాదు. చీకటిగా ఉన్న ఆ అద్దాలలో మా ఇద్దరి నీడలూ చూసుకుని రైలెక్కాము.

శనివారం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మొదటి సగం చెప్పుకోదగ్గది కాదు. రాత్రి పదకొండున్నరకు ఒక క్లబ్బు ముందు వరుసలో నిలబడ్డాము, పేరు అనవసరం. గంటా నలభై నిమిషాలు నిలబడ్డాక, తలుపు దగ్గరి మనిషి నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసి, "ఈ రోజు కుదరదు" అన్నాడు. కారణం అడగకూడదు, అడిగినా చెప్పరు. నా వెనుక ఉన్న ముగ్గురు లోపలికి వెళ్లారు. తలుపు దగ్గర ఎంపిక లేకపోతే లోపల గుంపు చెడిపోతుందని, ఆడవాళ్లకు, స్వలింగ ప్రేమికులకు ఆ చోట్లు భద్రంగా ఉండటానికి అది అవసరమని చాలామంది చెబుతారు, అందులో నిజముంది. ఈ సంగీతమే అలాంటి చోట్ల పెరిగింది. హౌస్ అనే పేరు షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బు నుంచి వచ్చింది, అక్కడ ఫ్రాంకీ నకల్స్ వాయించినది ప్రధానంగా నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికుల కోసం. బయట ఎక్కడా చోటు లేనివాళ్లు కట్టుకున్న ఇల్లు కాబట్టి తలుపు గట్టిగానే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా చలిలో వెనక్కి నడుస్తున్నప్పుడు, నా చొక్కా బాగా లేకనా, నా రంగు బాగా లేకనా అన్న ప్రశ్న మాత్రం మెడ వెనుక ఈగలా తిరుగుతూనే ఉంది. మావాడు మెట్రో మెట్ల మీద "వదిలెయ్ అన్నా, వాడి కర్మ" అని తేల్చేశాడు.

అప్పుడు వెళ్లిన చోటే ఈ వారాంతానికి ముఖ్యమైనది. నోయ్‌కోల్న్ పేటలో ఒక బారు కింద నేలమాళిగ, మా కాలనీ క్వార్టర్స్‌లో వరండాతో కలిపి రెండు గదులంత ఉంటుంది. అరవై మంది పడితే గొప్ప. అక్కడ హౌస్ వాయిస్తున్నారు, టెక్నో కాదు. ఇందులోనూ నాలుగు దెబ్బల నడక అదే, కానీ వేగం కాస్త తక్కువ, పైన పియానో ఉంటుంది, ఎక్కడో ఒక ఆడగొంతు అరవాక్యం పాడి ఊరుకుంటుంది. డీజే బల్లకు అడ్డుగోడ ఏమీ లేదు, చేయి చాస్తే తగిలేంత దగ్గర నిలబడ్డాము. నలభై దాటిన స్త్రీ ఆమె, కళ్లద్దాలు మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి, రికార్డు మీది అక్షరాలు చదవవలసినప్పుడు పెట్టుకుంటోంది. ఆమె చేతులను నేను గంటకు పైగా చూశాను.

ఒక రికార్డు మోగుతుండగా రెండవ దానిని సంచిలోంచి తీసి, అంచు పట్టుకుని, దీపం కింద వంచి గీతలు చూస్తుంది. రికార్డు మీద గీతలు చిక్కగా ఉన్నచోట, పలచగా ఉన్నచోట రంగు తేడాగా కనిపిస్తుంది, దరువు ఎక్కడ ఆగుతుందో ఎక్కడ మొదలవుతుందో దాన్నిబట్టే తెలుస్తుందట. దాన్ని పెట్టి, హెడ్‌ఫోను ఒక చెవికి మాత్రమే ఆనించి వింటుంది. ఒక చెవిలో గది, మరో చెవిలో రాబోయేది. రెండు రికార్డుల వేగం ఎప్పుడూ ఒకటి కాదు, ఒకటి నిమిషానికి 122 దెబ్బలైతే మరొకటి 124 ఉంటుంది. టర్న్‌టేబుల్ పక్కన నిలువుగా జరిగే మీట ఒకటి ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి జరుపుతూ, పళ్లెం అంచును వేలితో తాకి తాకి ఆపుతూ, రెండింటినీ ఒకే అడుగులోకి తెస్తుంది. ఇదంతా బయటికి వినపడదు. కలిశాక కూడా తొందరపడదు. పదహారు దెబ్బలో, ముప్పైరెండో లెక్కపెట్టుకుని, పాత దాని కింది స్వరాన్ని తగ్గించి కొత్త దాని కింది స్వరాన్ని అదే క్షణంలో పెంచుతుంది. గదిలో ఎవరూ తల ఎత్తరు, కానీ అందరి అడుగూ మారుతుంది. ఒకసారి ఆమె లెక్క తప్పింది. రెండు దరువులు కలవక, కుంటిగుర్రం పరుగెత్తినట్టు టకటకమన్నాయి. రెండు సెకన్లలో వేలితో సర్దేసింది, మా వైపు చూసి చిన్నగా నాలుక కొరుక్కుంది.

ఆ నాలుక కొరుక్కోవడం దగ్గర నాకు విషయం బోధపడింది. ఈ మనిషి పాటలు వేయడం లేదు, తెగకుండా చూస్తోంది.

మా కాలనీ రామాలయంలో ఏటా ఏకాహం జరిగేది. సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం వరకు ఇరవైనాలుగు గంటలు హరేరామ నామం ఆగకూడదు. రెండేసి గంటలకు ఒక భజన బృందం. రాగం మారవచ్చు, నడక మారవచ్చు, హార్మోనియం మీద చేయి మారవచ్చు, నామం మాత్రం తెగకూడదు. అందుకని వచ్చే బృందం ముందే వచ్చి, పోయే బృందం పక్కన కూర్చుని, తాళాలు అందుకుని, పాటలో కలిసి, గొంతు కుదిరిందని నమ్మకం కలిగాక గానీ పాతవాళ్లు లేచేవారు కాదు. రాత్రి 2 నుంచి 4 వరకు ఎవరూ ఒప్పుకోని వేళ నాన్నా వాళ్ల షిఫ్టుకు పడేది, నైట్ డ్యూటీ అలవాటున్నవాళ్లు కాబట్టి. ఫ్యాక్టరీలోనూ వాళ్లకు అదే నియమం: రిలీవరు వచ్చి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేదాకా ప్యానెల్ ముందు కుర్చీ వదలకూడదు. యూనిట్ ట్రిప్ అయిందన్న మాట, అంటే ఉన్నట్టుండి ఆగిపోయిందన్న మాట వింటే కాలనీ మొత్తం మొహాలు మాడిపోయేవి. నేను భజనలో నాన్న ఒళ్లో నిద్రపోయినవాణ్ణే గానీ తాళం పట్టినవాణ్ణి కాదు. అయినా నిద్రలో సైతం చేయి మారే చోటు నాకు తెలిసేది, కొత్త తాళాల శబ్దం పాతవాటి మీద పడి, కాసేపు చిక్కబడి, తరువాత పలచబడేది. ముప్పై ఏళ్ల తరువాత నోయ్‌కోల్న్ నేలమాళిగలో సరిగ్గా ఆ చిక్కదనమే విన్నాను. నిమిషానికి 124 దెబ్బలంటే గంటకు 7,440. ఎవరూ లెక్కపెట్టరు, నామాన్నీ ఎవరూ లెక్కపెట్టేవారు కాదు.

మూడు కాగానే మా ఫోన్లలో గడియారం 2:59 నుంచి 2:00కు దూకింది. గదిలో సన్నగా ఈల వేశారు, ఒకరిద్దరు నవ్వుకున్నారు. ఆమె మాత్రం ఎటూ చూడలేదు, ఏదో పియానో రికార్డు మధ్యలో ఉంది. నాన్న వంతు రెండుసార్లు వచ్చిందని నాలో నేను అనుకున్నాను. ఇప్పుడు ఇండియాతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరిగింది, అక్కడ పాల్వంచలో ఆదివారం పొద్దున ఆరున్నర దాటుతూ ఉంటుంది, నాన్న వాకింగ్ ముగించి పాలప్యాకెట్లతో ఇంటికి వచ్చే వేళ.

ఆదివారం లేచేసరికి పదకొండు. అమ్మ ఫోను. నిన్న నాగుల చవితికి పుట్టలో పాలు పోశామని, చిమ్మిలి డబ్బాలో పెట్టానని, నాకు పంపించడానికి మార్గం లేదని దిగులు పడింది. "గొంతేంట్రా అట్లా ఉంది, జలుబు చేసిందా?" అని అడిగింది. చేసిందన్నాను. రెండు రాత్రులు సంగీతం మీద అరుస్తూ మాట్లాడితే వచ్చిన బొంగురని చెబితే కథ పెద్దదవుతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు బెర్గ్‌హైన్ అనే క్లబ్బుకు వెళ్లాము. క్రాయిట్స్‌బెర్గ్, ఫ్రీడ్రిష్‌హైన్ అనే రెండు పేటల సరిహద్దులో ఉంటుంది కాబట్టి ఒకదాని చివర, మరొకదాని చివర కలిపి ఆ పేరు పెట్టారు. 2004 నుంచి నడుస్తోంది. ఇక్కడ శనివారం రాత్రి మొదలైనది సోమవారం పొద్దుటిదాకా ఆగదు, అందుకే తెలిసినవాళ్లు ఆదివారం నిద్ర లేచి, స్నానం చేసి, కడుపునిండా తిని తీరిగ్గా వస్తారు. ఇంత సుదీర్ఘమైన రాత్రులు ఈ నగరానికి ఎట్లా దక్కాయంటే, మూసివేత వేళ అనే నిబంధన పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే పోయింది. హైంజ్ ట్సెల్లర్‌మాయర్ అనే హోటల్ యజమాని ఒక విస్కీ సీసా వెంటబెట్టుకుని వెళ్లి అమెరికన్ సైనికాధికారిని ఒప్పించాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. గోడ కూలాక ఆ నియమం లేని సమయమూ, యజమాని తెలియని భవనాలూ ఒకదానికొకటి దొరికాయి.

తలుపు దగ్గర ఈసారి తల ఊపి పంపించారు. శనివారం ఎందుకు కాదు, ఆదివారం ఎందుకు అవును అనే విచారణ జోలికి వెళ్లలేదు. ఫోను కెమెరా మీద గుండ్రటి స్టిక్కరు అంటించారు. లోపల ఎవరూ ఫోటో తీయకూడదు. ఈ ఒక్క నియమం వల్ల గుంపు ఎంత మారుతుందో చూస్తే గానీ తెలియదు. ఈమధ్య పెళ్లిళ్లలో తాళి కట్టే సమయానికి వరుడు కనబడడు, ఫోన్లే కనబడతాయి.

ఈ భవనం కూడా ఒకప్పటి విద్యుత్ కేంద్రమే. 1950లలో తూర్పు బెర్లిన్‌లో కొత్తగా కట్టిన పెద్ద పెద్ద నివాస భవనాలకు వేడి అందించడానికి కట్టారు. ఇనుప మెట్లెక్కి పైకి వెళ్తే ప్రధాన హాలు, పైకప్పు 18 మీటర్ల ఎత్తు. ట్రెజర్‌లో శబ్దం మీద పడుతుంది, ఇక్కడ మనమే శబ్దంలోకి దిగుతాము. అంత మోతలోనూ పక్కవాడితో మామూలు గొంతుతో మాట్లాడవచ్చు, స్పీకర్ల అమరిక అంత శుభ్రంగా ఉంటుంది. మా వైపు బారాత్ బండి మీద బాక్సులు పేర్చేవాళ్లు ఇక్కడికి వచ్చి ఒక్క గంట నిలబడితే బాగుండును.

జర్మనీలో ఈ హాలు గురించి ఒక పన్ను వివాదం నడిచింది. ఇక్కడికి జనం తాగడానికి, ఆడటానికి వస్తారు కాబట్టి మామూలు వినోదంలాగా 19 శాతం పన్ను కట్టాలని అధికారుల వాదన. డీజే వాయించేది వినడానికే వస్తారు కాబట్టి ఇది కచేరీతో సమానమని, 7 శాతమే వర్తిస్తుందని 2016లో కోర్టు తేల్చింది. 2024లో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. వారసత్వమన్న ముద్ర అద్దె తగ్గిస్తుందా అని మావాడి సందేహం. నాకు మాత్రం ఆ కోర్టు మాటలో పట్టు కనిపించింది. ఆడుతున్నవాళ్లు విననట్టు కనిపిస్తారు, కానీ దరువులో ఒక చిన్న చప్పుడు తీసేస్తే మూడు వందల మంది భుజాలు ఒకేసారి ఆగుతాయి. అంత జాగ్రత్తగా వినే సభను నేను త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కూడా ముందు వరుసల్లోనే చూశాను.

మేడ మీద పనోరమా బార్ ఉంది, అక్కడ హౌస్ వాయిస్తారు. నాలుగు గంటలకు డీజే మారే వేళ అయింది. వాయిస్తున్నవాడు నడివయసు మనిషి, నాలుగు గంటలుగా నిలబడి ఉన్నాడని పక్కనున్న అమ్మాయి చెప్పింది. వచ్చే కుర్రవాడు పదిహేను నిమిషాల ముందే వచ్చి, సంచి కింద పెట్టి, వెనుకగా నిలబడి ఊగుతూ వింటున్నాడు. ఏం వాయించాలో కాదు, గది ఎక్కడ ఉందో పట్టుకుంటున్నాడు. పెద్దాయన పొడవాటి రికార్డు ఒకటి పెట్టి పక్కకు జరిగాడు. కుర్రవాడు తన హెడ్‌ఫోను తగిలించి, రెండవ పళ్లెం మీద తనది పెట్టాడు. కాసేపు ఇద్దరి చేతులూ ఒకే బల్ల మీద ఉన్నాయి. రెండు దరువులు ఒకదాని మీద ఒకటి పడి చిక్కబడ్డాయి. పెద్దాయన తన మీట మీద వేలు ఉంచే ఉన్నాడు, కుర్రవాడు తల ఊపాక గానీ తీయలేదు. సరిగ్గా ఆ సమయంలో కిటికీల చెక్కతెరలు ఒక్కసారి తెరుచుకున్నాయి. అక్టోబరు సాయంత్రపు పలచని ఎండ అందరి మొహాల మీదా పడింది, ఎంత అలిసిపోయి ఉన్నారో, ఎంత మామూలు మనుషులో కనిపించింది. గది అంతా అరిచింది. తెరలు మళ్లీ మూసుకున్నాయి.

బయటికి వచ్చేసరికి ఐదు దాటింది, అప్పటికే చీకటి. మావాణ్ణి హాంబర్గ్ రైలెక్కించి, ఫోను మీది స్టిక్కరు గోటితో గీకుతూ నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ పదకొండు కావస్తోంది, కానీ ముప్పై ఏళ్ల షిఫ్టు డ్యూటీల తరువాత నాన్నకు పన్నెండు లోపు నిద్ర రాదు. పాత పవర్ స్టేషన్లో సంగీతం విన్నానని చెప్పాను. జరిగిందంతా కాదు, చెప్పదగ్గది. నాన్న శ్రద్ధగా విన్నాడు. పాల్వంచలో పాత యూనిట్లు మూతపడ్డాక, 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లనూ పేల్చి కూల్చినప్పుడు, అందరూ వీడియోలు తీస్తుంటే ఇంట్లోనే కూర్చున్న మనిషి ఆయన.

"టర్బైన్ ఏం చేశారు?"

"తీసేసినట్టున్నారు నాన్నా. హాలు ఖాళీగా ఉంది."

"ఫౌండేషన్ ఉండాలే. దాన్ని పీకడం ఎవరి తరమూ కాదు. ఉందా?"

"చీకట్లో గమనించలేదు."

కాసేపు అటునుంచి మాట లేదు.

"రెండు పవర్ స్టేషన్లకు పోయి, టర్బైన్ ఫౌండేషన్ చూడకుండా వచ్చావా?" అన్నాడు నాన్న.